ఏడో క్లాజు

లాయర్నని చెప్పగానే ఎవరైనా అడిగే రెండో మాట ఒకటే: "ఏ కోర్టండీ?" ఏ కోర్టూ కాదంటే ముఖంలో గౌరవం సగానికి సగం పడిపోతుంది. ఆ మిగిలిన సగంతోనే పన్నెండేళ్లు నెట్టుకొచ్చాను. నల్లకోటు ఒకటుంది, ఎన్‌రోల్‌మెంట్ రోజున వేసుకున్నది. ఇప్పుడు భుజాల దగ్గర పట్టదు కూడా.

మా ఆఫీసు పంజాగుట్టలో, ఐదో అంతస్తు. ట్రేడ్‌మార్కులు, కాపీరైట్లు, పేటెంట్లు చూసే సంస్థ. కోర్టులకి తిరిగే లాయర్లు పదకొండుమంది, వాళ్ల వెనక నేనొక్కదాన్ని. సపోర్ట్ లాయర్ అంటారు. కొత్త తీర్పులు చదివి సారాంశం రాసిపెట్టాలి, వాళ్లు రాసిన నోటీసుల్లో సెక్షన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి, అన్నిటికంటే ముఖ్యంగా నమూనాలు తయారుచెయ్యాలి. ఏ రకం ఒప్పందానికైనా ఒక నమూనా. వాళ్లు అందులో పేరూ తేదీ మార్చుకుని క్లయింటుకి పంపించేస్తారు. ఆ నమూనాలున్న ఫోల్డర్‌ని ఆఫీసంతా నా పేరు పెట్టి 'లోయిస్ బీరువా' అనేది. లోయిస్ రాసిన కాగితంలో చీమ దూరే సందు కూడా ఉండదని పేరు. ఆ పేరు విని మురిసిపోయేదాన్ని, దాచుకోవడమెందుకు! ఆ కాగితాల కింద సంతకం పెట్టే మనిషిని మాత్రం పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు.

నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది వీరవెంకటసత్యనారాయణ గారు. సంస్థ ఆయనదే. కాకినాడ నుంచి వచ్చి నలభై ఏళ్లయినా మాటలో ఆ మెత్తదనం పోలేదు. నా కాలేజీ పేరు చూసి నాలుగు చోట్ల పక్కన పడేసిన దరఖాస్తుని ఆయన చివరిదాకా చదివి, "అక్షరమంటే భయమూ భక్తీ ఉన్న పిల్లవమ్మా నువ్వు" అన్నారు. ప్రతి క్రిస్మస్‌కీ భార్య ఛాయాదేవి గారిని వెంటబెట్టుకుని, యూసుఫ్‌గూడలో మా మూడో అంతస్తు మెట్లెక్కి వచ్చేవారు. ఆయన కోసం గుడ్డు వెయ్యని కేకు వేరుగా చేసేదాన్ని. మా మామయ్య ఏసోబు గారయితే, సర్ కూర్చుని వెళ్లిన కుర్చీలో సాయంత్రం దాకా ఇంకెవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు.

మా ఇంట్లో ఒక కట్టుబాటుండేది. ఆఫీసు ఫైళ్లు గుమ్మం దాటి లోపలికి రావు. క్లయింటు పేరు గానీ పని గానీ నేను చెప్పను, మా ఆయన ఆండ్రూ అడగడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగాడు, నేను ముఖం మాడ్చుకున్నాను, అంతే. ఆ తర్వాత నేను నవ్వుతూ వచ్చినా ఏడుపుముఖంతో వచ్చినా "ఫైలా?" అని మాత్రం అడిగేవాడు. ఔనంటే ఇంక మాట్లాడకుండా వెళ్లి చాయ్ పెట్టేవాడు. ఎంత అదృష్టవంతురాల్నో అనుకునేదాన్ని.

ఆండ్రూ అమీర్‌పేటలో జావా చెప్పేవాడు. భార్గవ్ అనే ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో తొమ్మిదేళ్లు. జీతం కాదు, బ్యాచ్‌ని బట్టి వాటా. అమీర్‌పేటలో పిల్లలు ఇన్‌స్టిట్యూట్ పేరు చూసి రారు, సర్ పేరు చూసి వస్తారు. మూడు రోజులు డెమో క్లాసు ఉచితం. ఆ మూడు రోజుల్లో సర్ నచ్చితే హాలు నిండుతుంది, నచ్చకపోతే నాలుగో రోజు ఖాళీ కుర్చీల మీద ఫ్యాన్లు తిరుగుతుంటాయి. ఆండ్రూ క్లాసుని గుమ్మంలో నిలబడి కూడా వినేవాళ్లు. ఆ గొప్పంతా అతని నోట్స్‌ది. తొమ్మిది పొడుగు రిజిస్టర్లు, పచ్చ సిరాతో. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకి ఇంగ్లిష్ పుస్తకం తలకెక్కదని రేషన్ షాపు వరస, సిటీ బస్సు పాసు, బిర్యానీ హోటల్ టోకెన్ పెట్టి ప్రోగ్రామింగ్ చెప్పేవాడు. మైత్రీవనం వెనక జిరాక్స్ షాపుల్లో 'ఆండ్రూ సర్ నోట్స్' అని స్పైరల్ బైండింగ్ చేసి అమ్మేవాళ్లు. ఏటా పాత ఉదాహరణలు కొట్టేసి కొత్తవి రాసేవాడు. మా పెళ్లిరోజు మర్చిపోయిన ఏడాది ఉంది గానీ, ఆ పని మర్చిపోయిన ఏడాది లేదు.

పోయినేడు ఎండాకాలంలో సొంతంగా మొదలుపెడదామనుకున్నాడు. ఫైనలియర్ పరీక్షలయ్యాక మే నెలలో పిల్లలు బ్యాగులు తగిలించుకుని అమీర్‌పేటలో దిగుతారు, అదే అదను. ఒక టిఫిన్ సెంటర్ పైన హాలు మాట్లాడుకున్నాడు.

"మే దాకా ఎవ్వరికి చెప్పకు లోయిస్. భార్గవ్‌కి ఎరుకైతే నా బ్యాచ్‌లన్నీ ఇప్పుడే పీకేస్తడు," అన్నాడు.

నేను సరేనన్నాను. అని, చెప్పాను. ఇంకెవరికో కాదు, సర్‌కి. జనవరిలో, కొత్త ఇన్‌స్టిట్యూట్ పేరు రిజిస్టర్ చేయించడానికి సలహా అడుగుతూ. ఇంటి పెద్దకి చెప్పుకున్నట్టు చెప్పుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "శుభం అమ్మా. సమయం వచ్చినప్పుడు నేనే దగ్గరుండి చూస్తాను," అన్నారు. ఆండ్రూకి ఈ సంగతి చెప్పలేదు. రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో పెట్టి ఒక్కసారే చెబుదామని నా సరదా.

ఫిబ్రవరి ఆరు, గురువారం. తేదీ ఎందుకు గుర్తుందో తర్వాత చెప్తాను. సర్ టీ కప్పు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఆయన పని చెప్పే పద్ధతే అంత, మెయిల్ పెట్టరు, అంతా నోటితోనే.

"విశాఖపట్నం క్లయింటమ్మా, కోచింగ్ సెంటర్. ఫ్యాకల్టీతో ఒప్పందం కావాలి. పాఠాలు చెప్పేవాళ్లు నోట్స్ చంకన పెట్టుకుని పక్క సందులోకి వెళ్లిపోతున్నారట."

"జీతగాళ్లయితే మామూలు నమూనా సరిపోతుంది సర్. వాళ్లు రాసింది ఎటూ సంస్థదే."

"జీతగాళ్లు కారు, వాటాదార్లు. ఇంట్లో కూర్చుని రాసుకున్నవీ, ఎప్పుడో రాసుకున్నవీ, అన్నీ రావాలి. ఇది నీకు తప్ప ఎవరికీ కుదరదమ్మా."

ఆ చివరి మాట చాలు నాకు. నాలుగు రోజులు వేరే పని ముట్టుకోలేదు. ఏడో క్లాజు అలా పుట్టింది. పాఠం చెప్పే మనిషి ఇదివరకు రాసినవీ, ఇకమీద రాయబోయేవీ, ఉదాహరణలూ, వాటి వరుసా, అభ్యాసాలూ, చేతిరాత ప్రతులూ సమస్తం సంస్థకే, శాశ్వతంగా, ప్రపంచమంతటా. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లకే హక్కు రాసిన మనిషికి తిరిగిపోతుందని చట్టంలో ఉంది, కాబట్టి కాలం రాశాను. ఏడాదిలోపు వాడుకోకపోయినా తిరిగిపోతుందని ఉంది, అది ఇక్కడ వర్తించదని రాశాను. సంస్థ వదిలి వెళ్లాక ఆ మనిషి అదే వరుసలో, అలాంటి ఉదాహరణలతో ఇంకెక్కడా చెప్పకూడదని కూడా చేర్చాను. అది ఎవరూ అడగలేదు. నాకే తట్టింది.

సర్ చదివి పెన్ను కింద పెట్టారు. "ఇంకో పాతికేళ్లు వాడుకోవచ్చమ్మా ఈ క్లాజుని," అన్నారు. ఆ సాయంత్రం నా ముఖం చూసి ఆండ్రూ "ఫైలా?" అంటే, "ఫైలే, మంచి ఫైలు," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మే రెండో వారంలో, మంగళవారం, ఆరు దాటాక ఇంటికొచ్చాను. ఎండ ఇంకా గోడల్లోంచి కొడుతూనే ఉంది. మెట్ల దగ్గర కింది వాటా భూలక్ష్మి ఎదురై, "కంగ్రాట్స్ మేడం! మీ మామ జిలేబీ పంచిండు," అంది. ఎందుకని అడిగేలోపే నీళ్ల ట్యాంకరొచ్చిందని బిందె పట్టుకుని పరుగెత్తింది.

పైన మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాటర్‌బోర్డులో రిటైరయిన రోజున కుట్టించిన చొక్కా అది.

"రా బిడ్డా, రా! నీ ఆఫీసుకెల్లి వచ్చింది. పోస్టాయన సంతకం పెట్టమంటే పెట్టి తీసుకున్న. నేను తెరువలే. మీరిద్దరు ఉన్నప్పుడే తెరువాలె."

బల్ల మీద బైబిలు, బైబిలు మీద మా సంస్థ కవరు, పక్కన జిలేబీ పళ్లెం. నన్ను పార్ట్‌నర్ చేస్తారని ఆఫీసులో పుట్టిన మాట ఎప్పుడో ఇంట్లో జారాను, మామయ్య దాన్ని పట్టుకున్నారు. కవరు తిప్పి చూస్తే ఆండ్రూ పేరుంది. నాకేమనిపించిందో చెప్పనా? సంతోషమనిపించింది. ఇన్‌స్టిట్యూట్ పేరు రిజిస్ట్రేషన్ కాగితాలు సర్ తనే చేయించి పంపించారనుకున్నాను. చెప్పినమాట నిలబెట్టుకునే మనిషి కదా!

ఆండ్రూ చేతిలో ఫ్లెక్సీ నమూనా పట్టుకుని వచ్చాడు. ఆ వచ్చే సోమవారం డెమో. "తెరవండి, తెరవండి. మీకే," అని నేనే తొందరపెట్టాను.

నిలబడే చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. ఆ తర్వాత నాకందించాడు.

అది భార్గవ్ ఇన్‌స్టిట్యూట్ తరఫున నోటీసు. ఏప్రిల్‌లో కుదుర్చుకున్న ఒప్పందం ఏడో క్లాజు ప్రకారం తొమ్మిది రిజిస్టర్లూ వారంలోగా అప్పగించాలి, ఆ నోట్స్ గానీ ఆ ఉదాహరణలు గానీ ఇక ఎక్కడా వాడనని రాసివ్వాలి, లేకపోతే డెమో ఆపించడానికి కోర్టుకి వెళ్తాం. కింద సర్ సంతకం. ఏడో క్లాజుని మాటకి మాట ఎత్తిరాశారు. నా వాక్యాలు నాకు తెలియవా!

"గీ ఏడో క్లాజు నువ్వు రాసిందేనా?" అన్నాడు ఆండ్రూ.

"ఔను."

"మంచిగ రాసినవ్."

"నువ్వు దీని మీద సంతకమెలా పెట్టావ్? చదవలేదా?" మామయ్య ముందు అతన్ని 'మీరు' అంటాను. ఆ రోజు మర్చిపోయాను.

"భార్గవ్ అందర్ని పిలిచి పెట్టించిండు. నేను చదివి పెడ్త అన్న. 'ఏంటి సర్, మీ మేడం గారు రాసిందే, మీకు తెలీదా?' అన్నడు. నువ్వు రాసినవంటే నేనెందుకు చదువుత?"

"నాతో ఒక్క మాట అనొచ్చు కదా!"

"ఫైలు గదా. నువ్వు చెప్పవు, నేనడగ. నువ్వు రాసి సుత ఊకున్నవంటే మనకేం ఫికర్ లేదనే గదా అర్థం. గట్లనే అనుకున్న."

మామయ్య జిలేబీ పళ్లెం పట్టుకుని మా ఇద్దరి మధ్యా నిలబడ్డారు. "ప్రమోషన్ కాదా బిడ్డా?" అన్నారు.

"సర్‌కి తెలిసుండదు ఆండ్రూ," అన్నాను. "జూనియర్లెవరో పేరు మార్చి పంపించేసి ఉంటారు. ఆయన చూడకుండా సంతకం పెట్టుంటారు. రేపు పొద్దున్నే చెప్తాను, వెనక్కి తీసుకుంటారు."

"సరే, అడుగు," అన్నాడు.

విశాఖపట్నమని చెప్పి నాతో రాయించారన్న మాట ఆ క్షణంలో నా నాలుక చివరిదాకా వచ్చింది. క్లయింటు పని గురించి ఆఫీసులో చెప్పింది బయటపెట్టకూడదు. పన్నెండేళ్ల అలవాటు నోరు నొక్కేసింది. రేపు అంతా సర్దుకుంటుంది కదా, ఈ రాత్రి నియమం తప్పడమెందుకనుకున్నాను. ఎంత తెలివి!

మర్నాడు నేను వెళ్లేసరికి సర్ ఒక్కరే ఉన్నారు. నోటీసు ఆయన ముందు పెట్టి, "సర్, పొరపాటు జరిగింది. ఎదుటి పార్టీ మా ఆయన," అన్నాను.

"కూర్చో అమ్మా. టీ తాగుతావా?"

ఆయన ఉలిక్కిపడలేదు. నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

"తెలుసమ్మా. అందుకే నిన్ను ఆ ఫైలుకి దూరంగా పెట్టాను. నీకు ఇబ్బంది రాకూడదని," అని బల్ల మీదున్న ఫైలు రబ్బరు బ్యాండు తీసి, పై కాగితం నా వైపు తిప్పారు. ఎంతో బాధ్యతగా చేసిన పని చూపిస్తున్నట్టు చూపించారు.

మా ఆఫీసులో దాన్ని గోడ కాగితం అంటారు. ఏ లాయరుకైనా ఎదుటిపక్షంలో బంధువులుంటే, ఆ లాయరు ఈ ఫైలు చూడకూడదని రాసి ఫైలు మొదట్లో పెడతారు. ఆ కాగితానికి నమూనా రాసిందీ నేనే. క్లయింటు భార్గవ్ ఇన్‌స్టిట్యూట్, ఎదుటి పార్టీ కె. ఆండ్రూ. లోయిస్ ఈ ఫైలు చూడరాదు, క్లయింటు ఎవరో ఆమెకు తెలియజేయరాదు. కింద సర్ సంతకం, తేదీ. ఫిబ్రవరి మూడు.

తేదీని రెండుసార్లు చూశాను. టీ కప్పుతో నా బల్ల దగ్గరికొచ్చింది ఆరో తారీఖు.

"విశాఖపట్నం అన్నారు సర్."

"క్లయింటు పేరు నీకు చెప్పకూడదు కదమ్మా. మరి ఏదో ఒక ఊరు చెప్పాలిగా."

"ఆండ్రూ సొంతంగా పెట్టుకుంటున్నాడని మీకు నేను చెప్పాను. సలహా కోసం."

"భార్గవ్ గారు మనకి పాత క్లయింటు. ఆయన అడుగుతుంటే తెలిసిన సంగతి దాచడం వృత్తిధర్మం కాదు."

"నా దగ్గర దాచడం?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "నువ్వు కూతురులాంటిదానివి కాబట్టి చెప్తున్నా. ఆండ్రూని ఇంకో రెండేళ్లు అక్కడే ఉండమను. నోటీసు వెనక్కి తీసుకుందాం. జులైలో పార్ట్‌నర్ల జాబితాలో నీ పేరు పెడుతున్నాను. నీ క్లాజు అంత గట్టిది, ఆ అబ్బాయి కోర్టుకెళ్లి ఏం లాభం?"

నా క్లాజుని నాకే పొగుడుతున్నారు! చెయ్యెత్తి కొట్టాలనిపించింది, నిజంగానే అనిపించింది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఉద్యోగస్తురాలి మాటే. "ఆ కాగితం కాపీ ఒకటి ఇప్పించండి సర్. నాకు తెలీదని మా ఇంట్లో చూపించాలి."

ఆయన కాగితాన్ని ఫైల్లోకి జార్చి రబ్బరు బ్యాండు వేశారు. "ఇది ఆ ఫైల్లోదమ్మా. నువ్వు చూడకూడదు."

వెటకారంగా అనలేదు. ఆ మనిషి దాన్ని నిజంగానే నమ్ముతున్నారు. ఇన్నేళ్లూ నాకు గురువని చెప్పుకున్నది ఇతన్నేనా అనుకుంటూ బయటికొచ్చాను.

ఆ తర్వాత రోజులన్నీ నా కాగితంలో నేనే సందు వెతికాను. ఎక్కడ తట్టినా గోడే. ప్రతి గోడా నేను కట్టిందే. రాసినవాళ్లకి మరీ అన్యాయంగా ఉంటే కోర్టుకి చెప్పుకోవచ్చని చట్టంలో ఒక సెక్షనుంది గానీ, ఒప్పందం రద్దు మాత్రం అయిదేళ్లు నిండాకే. ఆ మాట చెప్తే ఆండ్రూ "అయిదేండ్లా?" అని, ఫ్లెక్సీ నమూనాని చుట్టి మంచం కిందికి తోశాడు. సర్ పెట్టిన రాజీ సంగతి కూడా చెప్పాను.

"రెండేండ్లు వాని దగ్గరనా? నా నోట్స్ ఇంకొకనికిచ్చి, కెమెరా ముందర నిలబెట్టి, నేను చూస్తుండంగనే చెప్పిస్తడు. ఆ రిజిస్టర్లు ఇచ్చేస్త, పీడ పోతది."

"మరి నువ్వు?"

ఆ రోజు నుంచి నాతో మాటలు ఉప్పు, నీళ్లు, తాళంచెవి వరకే వచ్చాయి. మామయ్య పరిస్థితి ఇంకా ఘోరం. ఆయన సంతకం పెట్టి తీసుకున్నందుకే నోటీసు మా మెడకి చుట్టుకుందని ఆయన నమ్మకం. "నేను ఇంట్ల లేకుంటే అది వాపస్ పోతుండె గదా బిడ్డా," అని పూటకోసారి అనేవారు. కాదు మామయ్యా, నా వల్లే అని చెప్పేదాన్ని. ఆయన్ని ఓదార్చడానికి అంటున్నాననుకునేవారు.

గడువుకి ముందురోజు, సోమవారం. సాయంత్రం అయిదింటికి సర్ పెందలాడే వెళ్లిపోయారు. ఆ ఫైలు చూసే జూనియర్ లాయర్ మంజూష వారమంతా నన్ను తప్పించుకు తిరుగుతోంది. ఆ రోజు నా బల్ల దగ్గరికొచ్చి, కిటికీలోంచి ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ చూస్తూ అంది:

"నేను కిందికెళ్లి కాఫీ తాగొస్తా మేడం. పావుగంట పడుతుంది. సర్ గది తాళం వెయ్యలేదు. ఫైలు బల్ల మీదే ఉంది."

అని వెళ్లిపోయింది. ఆ పిల్ల ఉద్యోగం పోయే పని అది. తెలిసే అంది.

లోపలికి వెళ్లాను. ఫైలు అక్కడే ఉంది. రబ్బరు బ్యాండు మీద చెయ్యి వేశాను. ఫోన్‌తో ఒక్క ఫొటో, అంతే కదా కావాల్సింది! 'లోయిస్ చూడరాదు' అన్న మాటలు అట్ట కింద ఉన్నాయని తెలుసు, ఆ మాటలు నా నమూనాలోవే. తెరవకూడని ఫైలు పన్నెండేళ్లలో ఎన్నడూ తెరవలేదు. దొంగతనం, వృత్తిద్రోహం, లైసెన్సు, ఇవన్నీ బుర్రలో వరసగా లేచాయి. నా మొగుడి తొమ్మిదేళ్లు ఆ వరసలో ఎక్కడా లేవలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. చెయ్యి తీసేసి బయటికొచ్చాను.

మంజూష చెప్పినట్టే పావుగంటకి వచ్చింది. "అయ్యిందా మేడం?" అంది.

"ఏమిటి?"

నన్ను ఒక్క క్షణం చూసింది. "ఏం లేదు," అని తన సీటుకి పోయింది. ఆ నెలాఖరుకి నేను ఉద్యోగం మానేశాను. మానేస్తే ఏం, ఆ పావుగంట వెనక్కి వస్తుందా!

మంగళవారం పొద్దున భార్గవ్ మేనేజర్ ప్రవీణ్ అట్టపెట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు. ఒకప్పుడు ఆండ్రూ దగ్గర జావా నేర్చుకున్నవాడే. చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఏమనుకోకు అన్నా. నన్ను పొమ్మంటే వచ్చిన."

"నీదేమున్నది భాయ్, లోపలికి రా. రాసుకో. ఒకటి నుంచి తొమ్మిది. మూడోదాంట్ల రెండు పేజీలు చినిగి ఉన్నయ్, తర్వాత మళ్ల నన్నడగొద్దు."

ఒక్కొక్క రిజిస్టరూ తనే పెట్టెలో సర్దాడు. ఆఖరుదాన్ని మధ్యలో తెరిచి ఏదో చదివాడు. చిన్నగా నవ్వొచ్చినట్టుంది, అందులో ఏ ఉదాహరణ ఉందో. మూసి లోపల పెట్టాడు. వాడనని రాసివ్వాల్సిన కాగితం ప్రవీణ్ ఇచ్చాడు. ఆండ్రూ బల్ల దగ్గర కూర్చుని వేలు కింద పెట్టుకుంటూ ప్రతి లైనూ చదివాడు. పేజీ వెనక్కి తిప్పి చూశాడు, ఖాళీగానే ఉంది. అప్పుడు సంతకం పెట్టాడు. ప్రవీణ్ పెట్టె ఎత్తుకుని మెట్లు దిగుతుంటే మామయ్య లోపలి గదిలో తలుపు వేసుకున్నారు.

ఇంక నావల్ల కాలేదు. ఎదురుగా కూర్చున్నాను.

"ఆండ్రూ, అది నీ కోసమని నాకు తెలీదు. విశాఖపట్నం క్లయింటని చెప్పి రాయించారు. సర్‌కి అంతా తెలుసు. తెలిసే నాతో రాయించారు."

అతను పెన్ను క్యాప్ పెట్టాడు. "వారమాయె. ఇప్పుడు చెప్తున్నవ్."

"చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. క్లయింటు సంగతులు..."

"నేను సొంతంగ పెడ్తున్నట్టు వాళ్లకెట్ల ఎరుక?"

వీధిలో ప్రవీణ్ ఆటో స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"నేనే చెప్పాను. సర్‌కి. జనవరిలో."

అరుస్తాడనుకున్నాను. అరిచుంటే బాగుండేది. తల ఊపాడు, లెక్క సరిపోయినట్టు.

"విశాఖపట్నమన్నట్టు మెయిల్ ఉన్నదా?"

"ఆయన మెయిల్ పెట్టరు. నోటితో చెప్తారు."

"పోనీ ఏమన్న కాగితం ఉన్నదా, నీకు తెల్వదని?"

నా పేరు వినపడితే చాలని చదవకుండా తొమ్మిదేళ్ల కష్టాన్ని రాసిచ్చిన మనిషి, నన్ను కాగితం అడుగుతున్నాడు.

"ఉంది," అన్నాను. "నాకు తెలియనివ్వకూడదని ఆయనే రాసి సంతకం పెట్టిన కాగితముంది."

"ఏది?"

"ఆ ఫైల్లో ఉంది. నేను చూడకూడదు."

ఆండ్రూ చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. ఏ మూలనైనా నమ్మడానికి వీలుందేమోనని వెతుకుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. "సరే," అని లేచి చొక్కా వేసుకుని, వేరే ఇన్‌స్టిట్యూట్‌లో ఖాళీ ఉందేమో అడగడానికి అమీర్‌పేట వెళ్లాడు.

అంతకు ముందురోజు సాయంత్రం ఆ ఫైలు మీద నా చెయ్యి ఉందని అతనికి చెప్పలేదు. ఏడాదైంది, ఇంకా చెప్పలేదు.